గడువు తేదీ లేని పుస్తకం అలమరలోనే ఉంటుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 39. ఉప్పల్లో ఇల్లు, రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెట్రోలో పోను గంట, రాను గంట. ఇద్దరు పిల్లలు, అత్తగారు మీతోనే ఉంటారు. హాస్టల్లో ఉన్న రోజుల్లో నవల చేతికొస్తే రాత్రికి రాత్రి పూర్తి చేసి పొద్దున్నే పక్క గదికి ఇచ్చేసేవారు. ఇప్పుడేమో డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో మోజుపడి కొన్న పుస్తకాలు సంచిలోంచి అలమరలోకి వెళ్ళాయి, అక్కడే ఉన్నాయి. ఎప్పుడైనా తీసినా రెండో పేజీకల్లా చెయ్యి ఫోన్ మీదకు పోతోంది. ఏకాగ్రత పోయిందా, టైమే లేదా, ఆడియో పుస్తకాలు వింటే చదివినట్టేనా అని మీ సందేహం.

నేను జిల్లా గ్రంథాలయ సంస్థ కింద శాఖా లైబ్రరీల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. చదవడం మానేసి ఏళ్ళ తరువాత మళ్ళీ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎవరు నిలబడ్డారు, ఎవరు రెండు పుస్తకాలు తీసుకుని మళ్ళీ కనబడకుండా పోయారు అన్నది గమనించడం తప్ప నాకు వేరే పాండిత్యం లేదు. అందులోంచే చెబుతున్నాను.

ముందుగా ఈ వారంలో కళ్ళు చూపించుకోండి.

నవ్వకండమ్మా. నలభై దగ్గరపడేసరికి దాదాపు అందరికీ చత్వారం మొదలవుతుంది. కంటి కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడం కష్టమవుతుంది. మీ ఉద్యోగంలో ఇది చాలాకాలం బయటపడదు. కంప్యూటర్ తెర కాస్త దూరంగానే ఉంటుంది, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. అచ్చు పుస్తకంలో ఆ వీలు లేదు. పైగా మన లిపిలో ఒత్తులన్నీ వరుస కింద చిన్నగా ఉంటాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. చూపు తగ్గితే ముందు చెదిరేవి అవే. అయితే చదివేవాళ్ళకు కళ్ళు ఆనడం లేదని అనిపించదు, బుర్రకు ఎక్కడం లేదని అనిపిస్తుంది. రెండు పేజీలకే కణతలు లాగుతాయి, నిద్ర ముంచుకొస్తుంది. మా లైబ్రరీకి వచ్చే ఒక హైస్కూలు మాస్టారు "ఇప్పటి రచయితలకు పట్టుగా రాయడం రావట్లేదండీ" అంటూ ప్రతి పుస్తకాన్నీ సగంలో తెచ్చి ఇచ్చేసేవారు. పుస్తకాన్ని చెయ్యి బారచాపి చూడడం గమనించి, ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోమన్నాను. అద్దాలు వచ్చాక అదే రచయితలు చక్కగా రాయడం మొదలుపెట్టారు.

కళ్ళు బాగున్నాయని తేలితే మంచిదే. అప్పుడు గదిలో లైటు సంగతి చూడండి. చాలా బెడ్‌రూముల్లో లైటు మంచానికి ఎదురుగా ఉంటుంది. పడుకుని పుస్తకం పడితే వెలుగంతా అట్ట మీద పడుతుంది, పేజీ నీడలో ఉంటుంది. తలవైపు నుంచి వెలుగు పడేలా ఒక చిన్న దీపం పెట్టించుకుంటే చాలు.

ఇక అసలు సంగతి. హాస్టల్ రాత్రుల్ని మీరు మీ ఏకాగ్రత ఖాతాలో జమ వేసుకుంటున్నారు. అప్పుడు ఉండేది, ఇప్పుడు పోయింది అని బాధపడుతున్నారు. మీరే రాసిన ఒక ముక్కను మీరు గమనించలేదు: "పొద్దున్నే పక్క గదికి ఇచ్చేయాలి". ఆ రాత్రి మిమ్మల్ని కూర్చోబెట్టింది సగం ఆ నవలైతే, సగం ఆ పక్క గది అమ్మాయి.

తెలుగునాట చదివే అలవాటు ఎప్పుడూ ఒంటరి మనిషి పట్టుదల మీద నడవలేదు. అద్దె పుస్తకాల షాపులు ఎలా నడిచేవో గుర్తు తెచ్చుకోండి, మీకు గుర్తు లేకపోతే అత్తగారిని అడగండి. డిపాజిట్ కట్టాలి, రోజుకు ఇంత అని అద్దె. రెండో రోజుకి అద్దె రెండింతలు. ఇంట్లో అమ్మ వంట చేస్తూ చదివేది, అక్క కాలేజీ పుస్తకంలో పెట్టుకుని చదివేది, నాన్న "ఏముంది అందులో" అని విసుక్కుంటూనే భోజనమయ్యాక తీసుకునేవారు. ఒక్కరోజు అద్దెకి ముగ్గురు చదివేసేవాళ్ళు. ఇంట్లో అందరికీ అపారమైన సాహిత్యాభిరుచి ఉండబట్టి అలా జరిగిందనుకుంటే పొరపాటు. అద్దె కట్టిన డబ్బు వసూలు కావాలి, రేపు షాపులో ఇచ్చేయాలి. అట్ట ఊడిపోయి, చివరి పేజీలు చిరిగిపోయి, లోపల ఎవడో ఆకతాయి "హంతకుడు డాక్టరే" అని పెన్నుతో రాసిపెట్టినా సరే, చదివేవాళ్ళు.

వారపత్రికల సీరియల్ కూడా అంతే. వారానికి నాలుగైదు పేజీలు. ఆ నాలుగు పేజీల కోసం ఇంట్లో ఎవరు ముందు చదవాలని పేచీ. చదివాక ఆ పేజీలు జాగ్రత్తగా చించి దాచి, సీరియల్ అయిపోయాక బైండింగ్ చేయించుకునేవాళ్ళు. అలాంటి బైండు పుస్తకాలు మా లైబ్రరీకి ఇచ్చినవాళ్ళు ఉన్నారు. లోపల కథ పేజీకి వెనక వైపు సగం వంటల శీర్షిక, ఏదో టూత్‌పేస్టు ప్రకటన. ఆ పాఠకులు వారానికి చదివింది లెక్కేస్తే మీరు ఇప్పుడు చదవలేకపోతున్నానని బాధపడే రెండు పేజీలకు రెట్టింపు, అంతే. కానీ ఆ వారమంతా ఆ కథ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంటి ముందు నిలబడి పక్కింటావిడతో "ఆ పిల్ల అతన్ని చేసుకుంటుందంటారా?" అని.

అద్దె షాపులు సీడీ షాపులై, తరువాత అవీ పోయాయి. వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. పుస్తకం మాత్రం మిగిలింది. దాని చుట్టూ ఉన్న ఏర్పాటు పోయింది. మీ సమస్య అక్కడుందని నా అభిప్రాయం. ఏకాగ్రత తగ్గలేదని అనను, ఫోన్ అందరి దగ్గరా కొంత తినేసింది. కానీ రోజంతా కోడ్ రాసే మనిషికి, ఎక్కడో ఒక్క కామా తప్పితే పట్టుకునే మనిషికి ఏకాగ్రత లేదంటే నేను నమ్మను.

మా రిజిస్టర్లో ఒక ఆర్టీసీ కండక్టర్ ఉండేవాడు. పుస్తకాన్ని కాకీ చొక్కా కింద నడుముకి దోపుకుని వచ్చేవాడు. గుర్తు కోసం పేజీల మధ్య టికెట్ ముక్క పెట్టేవాడు, తీయడం మరిచిపోయి అలాగే తెచ్చి ఇచ్చేవాడు. ఆ టికెట్లు చూస్తే ఏ ఊళ్ళో బస్సు ఆగినప్పుడు ఎక్కడి దాకా చదివాడో తెలిసిపోయేది. డ్యూటీ మధ్యలో బస్సు ఆగే పది పదిహేను నిమిషాల్లోనే అతని చదువంతా. డ్రైవరు టీకి వెళ్తే ఇతను పుస్తకం తీసేవాడు. "ఇంటికెళ్ళాక చదవరా?" అని అడిగితే, "ఇంటికెళ్తే నిద్రేనండీ, ఇంకేం చదువు" అన్నాడు. పుస్తకం వెనక అట్ట లోపల అతికించిన తేదీ చీటీ మీద ఊదారంగు సిరాతో వేసిన ముద్రల్లో అతనివి ఎప్పుడూ గడువు లోపలే ఉండేవి. కారణం ఉంది. అతని తరువాత ఆ పుస్తకాలన్నీ ఒక పోస్టాఫీసు ఉద్యోగిని తీసుకునేది. ఆవిడ వచ్చి, "మన కండక్టరు గారు ఇచ్చేశారా?" అని అడిగేది. నేను ఆ మాట అతనికి చేరవేసేవాణ్ణి. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. కానీ ఒకరి వెనక ఒకరు మా నవలల అలమర మొత్తం చదివేశారు.

మళ్ళీ మొదలుపెట్టి నిలబడినవాళ్ళలో ఎక్కువమందికి ఇలాంటి తాడు ఏదో ఒకటి ఉండేది. ఇవ్వాల్సిన తేదీ, వెనక ఎదురుచూసే మనిషి, చదివింది చెప్పడానికి ఒక చెవి. మాయమైనవాళ్ళు ఎక్కువగా "ఈ ఏడాది యాభై పుస్తకాలు చదువుతానండీ" అంటూ వచ్చినవాళ్ళు. కొత్త సంవత్సరం మొదటి వారంలో మా దగ్గర అలాంటి సభ్యత్వాలు ఎక్కువ, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి పల్చబడేవి.

మీ అలమరలో ఉన్న పుస్తకాలకు ఆ తాడు లేదు. కొన్న పుస్తకం మీది, ఎప్పటికీ మీదే, ఎప్పుడైనా చదవొచ్చు. అదే దాని దురదృష్టం. కాబట్టి ఇలా చేయండి. ఆ కొన్నవాటిలో ఒక్కటి మాత్రం బయట ఉంచి మిగతావి కంటికి కనబడని అరలోకి మార్చండి. వరసగా పేర్చిన పుస్తకాలు ప్రతిసారీ మీకు బాకీ గుర్తుచేస్తాయి, బాకీ గుర్తొస్తే మనిషి మొహం చాటేస్తాడు. ఆ ఒక్కదాని వెనక అట్టకి తెల్ల కాగితం అతికించి, ఇవాళ్టి నుంచి పదిహేను రోజుల తరువాతి తేదీ వేయండి. మా దగ్గర కూడా గడువు పదిహేను రోజులే. ఇప్పుడు ఆ తేదీకి ఎవరికి ఇవ్వాలో నిర్ణయించుకోండి. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కావచ్చు, మీ అపార్ట్‌మెంట్లో ఎవరైనా కావచ్చు. వాళ్ళతో "ఫలానా తేదీకి నీకిస్తా" అని ముందే చెప్పేయాలి. వాళ్ళు పుస్తకాల పురుగులు కానక్కర్లేదు. అడిగే మనిషైతే చాలు. "ఏమైంది, ఇస్తానన్నారుగా?" అని ఒక్కసారి అడిగారంటే ఆ రాత్రి మీరు ముప్ఫై పేజీలు చదువుతారు, చూడండి.

"రోజూ ఆఫీసు డెడ్‌లైన్లతో చస్తుంటే ఇక్కడ కూడా గడువా?" అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన మాటే. తేడా ఏమిటంటే ఈ గడువు దాటితే ఎవరూ మెయిల్ పెట్టరు, మళ్ళీ పదిహేను రోజులు పొడిగించుకోవచ్చు. లైబ్రరీలో రెన్యూవల్ అంటే అదే. ఇంకో సుఖం కూడా ఉంది. గడువు ఉంటే, నచ్చని పుస్తకాన్ని చదవకుండా ఇచ్చేయడం తేలికవుతుంది. మా కౌంటర్ దగ్గర పుస్తకం తిరిగి ఇస్తుంటే "పూర్తిగా చదివారా?" అని నేను ఎవరినీ అడగలేదు. సొంత పుస్తకమైతే డబ్బు పెట్టి కొన్నాం కదా అని నచ్చకపోయినా పట్టుకు వేలాడతారు, అది అవదు, దాని వెనక ఇంకోటి మొదలవదు. అలా ఒక్క పుస్తకం దగ్గర చదువు మానేసినవాళ్ళు చాలామంది. యాభై పేజీలు చూడండి. పట్టుకోకపోతే పంపించేయండి. ఎంత గొప్ప పేరున్న పుస్తకమైనా సరే, ఎవరు సిఫార్సు చేసినా సరే.

ఇప్పుడు టైం లెక్క. సాధారణ సైజు తెలుగు పుస్తకంలో ఒక పేజీ మామూలుగా చదివేవాళ్ళకు ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలకు పది పేజీలు. రెండు వందల పేజీల నవల ఇరవై రోజులు. ఇది రోజూ పడుకునే ముందు చదివితే వచ్చే లెక్క, కానీ పడుకునే ముందు మీరు చదవలేరు. కండక్టర్ చెప్పింది మీకూ వర్తిస్తుంది. పిల్లల హోంవర్కు, వంటిల్లు సర్దడం, రేపటి టిఫిన్‌కి పిండి, అమెరికా వాళ్ళతో కాల్, ఇవన్నీ అయ్యాక మిగిలే మనిషి చేతికి పుస్తకం ఇస్తే దాన్ని గుండెల మీద బోర్లించి నిద్రపోతుంది. ఆ నిద్ర అవసరం కూడా. రాత్రిని వదిలేయండి.

మీకు దొరికిన వరం మెట్రో. 1935లో గుంటూరు జిల్లాలో కొల్లిపరకీ పెదవడ్లపూడికీ మధ్య కాలువలో ఒక పడవ గ్రంథాలయం నడిపారు, పాతూరి నాగభూషణం గారి పూనికతో. అప్పట్లో ఆ ఊళ్ళకు ప్రయాణమంటే పడవే. పడవ మెల్లగా పోతుంది, జనం గంటల తరబడి ఖాళీగా కూర్చుంటారు. జనం లైబ్రరీకి రావడం లేదని తిట్టుకోకుండా, వాళ్ళు ఎక్కడ ఖాళీగా కూర్చుంటున్నారో అక్కడికే పుస్తకం తీసుకెళ్ళారు. మన గ్రంథాలయోద్యమంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇది. మీరు ఖాళీగా కూర్చునే పడవ నాగోలు–రాయదుర్గం లైను.

అందులోనూ సాయంత్రం ప్రయాణం మీద ఆశ పెట్టుకోండి. రాయదుర్గం ఆ లైనుకి మొదటి స్టేషన్, ఒక బండి వదిలేసి నిలబడితే సీటు దొరుకుతుంది. పొద్దున ఉప్పల్ రెండో స్టేషన్ కాబట్టి అప్పుడూ కొంత అవకాశం ఉంటుంది గానీ, పొద్దున మనసు ఆఫీసు మీద ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. సాయంత్రం గంటలో మొదటి పావుగంట ఫోన్‌కి ఇచ్చేయండి. స్కూల్ గ్రూపులో ఏం పెట్టారో, ఇంట్లో కూరగాయలున్నాయో లేవో కనుక్కోండి. అది ఆపుకుని పుస్తకం తెరిస్తే ధ్యాసంతా అక్కడే ఉంటుంది. ఆ పని అయ్యాక ఫోన్‌ను బ్యాగు అడుగున, లంచ్ బాక్సు కింద పెట్టి జిప్పు వేయండి. పుస్తకం బ్యాగులోంచి తీసేది కాకుండా, బండి ఎక్కేముందే చేతిలో ఉండాలి. చేతిలో పుస్తకం ఉంటే ఫోన్ తీయడానికి పుస్తకాన్ని లోపల పెట్టాలి, జిప్పు తీయాలి, బాక్సు కదపాలి. ఈ పాటి అడ్డంకి చాలు. అమీర్‌పేట దగ్గర జనం తోసుకొస్తారు, అక్కడ రెండు స్టేషన్లు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఇలా వారానికి నాలుగు సాయంత్రాలు, ఒక్కోటి అరగంట దక్కినా అరవై పేజీలు. మీ పదిహేను రోజుల గడువులో నూట ఇరవై. ఒక మోస్తరు నవలకు ఒక్క రెన్యూవల్ పడుతుందంతే.

బరువైన పుస్తకం మెట్రోకి పనికిరాదు. ఒంటిచేత్తో పట్టుకోగలిగింది ఉండాలి. ఆరు వందల పేజీల అనువాద నవల మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడు మానుకోండి.

ఏం చదవాలన్నది మీరు అడగలేదు గానీ ఇది చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. కథలతో మొదలుపెట్టండి. పత్రికల్లో పేజీల కొరత వల్ల తెలుగు కథ పొడుగు ఎనిమిది, పది పేజీలకు అలవాటు పడింది. ఉప్పల్ చేరేలోపు ఒకటో రెండో పూర్తవుతాయి. పూర్తిచేశానన్న తృప్తితో బండి దిగడం, సగంలో ఆపి దిగడం ఒకటి కాదు. నవల ఎంత బాగున్నా మధ్యలో నాలుగు రోజులు పనిలో పడితే పాత్రలు మరిచిపోతాం, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి, బద్ధకం వేస్తుంది. కథల సంపుటికి ఆ బెంగ లేదు. ఒక్కో రచయితవి విడివిడిగా కొనే ముందు పలువురి కథలు కలిపి వేసిన సంకలనం ఒకటి తీసుకోండి, ఎవరి గొంతు మీకు నప్పుతుందో తెలుస్తుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలకే ప్రత్యేకమైన గ్రంథాలయం. వాళ్ళ వెబ్‌సైట్లో వేల కథలు పాత పత్రికల పేజీలతో సహా చూడొచ్చు. ఒక రచయిత నచ్చితే వాళ్ళవి ఇంకేం ఉన్నాయో అక్కడ వెతుక్కోవచ్చు. కానీ మొదటి రెండు మూడు నెలలు కాగితం మీదే చదవండి. ఫోన్‌లో చదవడం తప్పని కాదు. కథ మధ్యలో పైనుంచి మెసేజ్ దిగితే దాన్ని నొక్కకుండా ఉండే ఓపిక ఇంకా మీకు రాలేదు, అంతే.

ఇంకో చిక్కు మీకు ఎదురవుతుంది, ముందే చెప్పి ఉంచుతాను. పదిహేనేళ్ళుగా రోజంతా ఇంగ్లీషే చదువుతున్నారు. తెలుగు చదివేది కడప, నాగోలు అని బస్సు బోర్డుల మీద, పెళ్ళి శుభలేఖల మీద. కాబట్టి మొదటి వారం తెలుగు పేజీ మీద మీ చూపు గతుకుల రోడ్డు మీద బండిలా వెళ్తుంది. సమాసం కనబడితే ఆగుతుంది, "ర్థ్య" దగ్గర వెనక్కి వెళ్తుంది. చాలామంది ఇక్కడే భయపడి, నాకు తెలుగు రాకుండా పోయిందనుకుని ఇంగ్లీషు పుస్తకానికి మారిపోతారు. ఇంగ్లీషు చదవండి, తప్పు లేదు. కానీ తెలుగు కావాలనుకుంటే, దీనికి విరుగుడు చిన్నప్పుడు చదివి బాగా గుర్తున్న పుస్తకాన్నే మళ్ళీ చదవడం. కథ తెలుసు కాబట్టి కన్ను ముందుకు జారుతుంది, అక్షరాల అలవాటు తిరిగొస్తుంది. లేదంటే ఇంట్లో రోజూ రెండు పేజీలు పైకి చదవండి. పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

పైకి చదవడానికి మీ ఇంట్లో శ్రోతలున్నారు. అత్తగారి తరం చాలావరకు ఆ వారపత్రికల పాఠకులే. ఆవిడకు ఇప్పుడు చిన్న అచ్చు కనబడకపోవచ్చు. రాత్రి కంచాలు తీశాక పది నిమిషాలు ఆవిడకు ఒక కథలో నాలుగు పేజీలు చదివి వినిపించి, కావాలనే మంచి పట్టులో ఆపేయండి. మర్నాడు ఆవిడే పిలుస్తారు. ఇక్కడ నా స్వార్థం ఒకటి ఉందని ఒప్పుకోవాలి. పిల్లలకు చదివే అలవాటు ఎలా చేయాలని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా నాకు చిరాకేసేది. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలో పుస్తకం పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. మీరు నానమ్మకు చదువుతుంటే పిల్లలు వద్దన్నా వచ్చి కూర్చుంటారు. వాళ్ళ తెలుగు గురించి విడిగా ట్యూషన్ అక్కర్లేదు.

ఆడియో పుస్తకాల సంగతి. పైన చెప్పినదాన్ని బట్టి నా జవాబు మీకు అర్థమయ్యే ఉంటుంది, వినడాన్ని నేను తక్కువ చేయను. బుర్రకథ, హరికథ, పురాణ కాలక్షేపం విని పెరిగిన జనం మనం. అంట్లు తోముకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ కథ వింటే అది దక్కినట్టే. కానీ వింటే చదివే అలవాటు తిరిగి వస్తుందా అంటే రాదు. వినేటప్పుడు వేగం చెప్పేవాళ్ళది, చదివేటప్పుడు మీది. నచ్చిన వాక్యం దగ్గర ఆగి, పైకి చూసి, మళ్ళీ చదువుకునే సుఖం వినడంలో లేదు. చేతులు ఖాళీ లేనప్పుడు వినండి. చేతులు ఖాళీగా ఉన్న గంటను, అంటే ఆ మెట్రో గంటను, చెవులకు ఇచ్చేయకండి.

చివరగా లైబ్రరీ. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే పన్ను అది, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అంటే మీరు ఇప్పటికే చందా కడుతున్నారు, పుస్తకం తెచ్చుకోవడమే తరువాయి. మీకు దగ్గరున్న శాఖకు వెళ్తే హాలంతా గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటుంది, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనైతే కుర్చీ దొరకడం కూడా కష్టం. చూసి వెనక్కి తిరగకండి. వాళ్ళకు కావాల్సింది కుర్చీ, ఫ్యాను, వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు. సాహిత్యం అలమరల దగ్గర ఎవరూ ఉండరు. వాటికి తాళాలు వేసి ఉండవచ్చు, లైబ్రేరియన్‌ని అడిగి తీయించుకోండి. డ్యూయీ అంకెలు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే నంబర్లు, అతికించి ఉన్నచోట 894.827 కోసం చూడండి, తెలుగు సాహిత్యమంతా ఆ అంకె కిందే. చాలా రోజులుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ముందు మిమ్మల్ని విచిత్రంగా చూస్తాడు, తరువాత నాలుగు పుస్తకాలు తనే తీసి చేతిలో పెడతాడు. మా జాతి అంత.

సభ్యత్వానికి చిరునామా రుజువు, ఫోటో, కొద్దిపాటి డిపాజిట్ అడుగుతారు. సభ్యత్వం మానుకుంటే డిపాజిట్ తిరిగి ఇస్తారు. చాలా శాఖలకు వారపు సెలవు శుక్రవారం, మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్ళీ తెరుస్తారు. మీకు ఆదివారం పొద్దున వీలు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళి, వాళ్ళ పేరు మీద కూడా ఒక్కో కార్డు తీసుకోండి.